శరణార్థి గాయని జీవితాన్ని సభలో చెప్పడం ఎలా

కాందిశీకుడు అనే మాటను తెలుగు పత్రికలు చాలాకాలంగా వాడుతున్నాయి గాని, దాని లోపల ఒక ప్రశ్న ఉన్నదని మనం గమనించం. ‘కాం దిశం’, ఏ దిక్కుకు పోవాలి, అంటూ భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థికి దిక్కు దొరికింది. అతను పరాయి వాకిట నిలబడి ఆశ్రయం అడుగుతున్నాడు. హైదరాబాదులో ఏ గ్రంథాలయంలోనో, గానసభలోనో, సంగీత పాఠశాలలోనో ఒక యూదు శరణార్థి గాయని జీవితం గురించి మాట్లాడదలచినవారు ముందుగా ఈ రెండు మాటలనూ విడివిడిగా పట్టుకోవాలి. ఇల్లు విడిచిన రోజులకు మొదటి మాట, కొత్త నేల మీద తొలి సంవత్సరాలకు రెండో మాట సరిపోతాయి. ఆమె గాయని అయిన తర్వాత మాత్రం రెండింటినీ విడిచిపెట్టి గాయని అని, ఆపైన గురువు అని చెప్పాలి. నా దృష్టిలో ప్రసంగం నిలిచినా పడినా ఇక్కడే.

నేను ఎంచుకున్న జీవితం జర్మనీ నుంచి వెళ్లిపోయిన యూదు ఒపేరా గాయని హిల్డె త్సాడెక్‌ది. ఒపేరా అంటే వాద్యబృందంతో పాడుతూ ఆడే పాశ్చాత్య సంగీత నాటకం. ఆమె 1917 డిసెంబరులో పుట్టి, 101 సంవత్సరాలు జీవించి, 2019 ఫిబ్రవరిలో కన్నుమూశారు. నగరంలోని ఒక గ్రంథాలయంలో ఆమె గురించి తొలిసారి మాట్లాడినప్పుడు, 45 నిమిషాల్లో 30 నిమిషాలు హిట్లరు గురించే చెప్పాను. వెనుక వరుసలో కూర్చున్న ఒక సంగీత విద్యార్థిని లేచి, “సార్, మరి ఆవిడ పాడటం ఎప్పుడు మొదలుపెట్టారండీ?” అని అడిగింది. అప్పటికి నా చేతిలో నాలుగు నిమిషాలే మిగిలాయి. ఆ అమ్మాయికి ఆ రోజు సరైన సమాధానం చెప్పలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి నేను దర్జీలు వాడే కొలత టేపు ఒకటి వెంట తీసుకువెళుతున్నాను. సుల్తాన్‌బజారులో ఏ కుట్టుసామాన్ల దుకాణంలోనైనా అది దొరుకుతుంది. సంవత్సరానికి ఒక సెంటీమీటరు చొప్పున 101 దగ్గర పిన్ను గుచ్చి, ఇద్దరు పిల్లలను పిలిచి చెరో కొస పట్టుకోమనాలి. హిట్లరు 1933 జనవరిలో అధికారంలోకి వచ్చిన చోటు 15 దగ్గర పడుతుంది. ఆమె వియన్నా వేదిక మీద తొలిసారి పాడిన 1947 ఫిబ్రవరి 29 దగ్గర పడుతుంది. నడుమ ఉన్నది 14 సెంటీమీటర్లు, ఆ తర్వాత మిగిలింది 72. సభకు ఇది కంటితో చూపించాక నిమిషాలను ఎలా పంచుకోవాలో వక్తకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ 14 సెంటీమీటర్లను తేలికగా దాటేయమని నా ఉద్దేశం కాదు. దాదాపు 60 లక్షల మంది యూదులు హత్యకు గురైన కాలం అందులోనే ఉన్నది. అయితే పెద్ద అంకె చెప్పి ఊరుకుంటే పిల్లల మనసుకు ఏదీ అందదు. ఒక చట్టం ఒక ఇంటి తలుపు దాకా ఎలా వచ్చిందో చూపించాలి. 1933 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించింది, అందులో సంగీత కళాశాలల అధ్యాపకులూ, నాటకశాలల కళాకారులూ ఉన్నారు. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వ హక్కులను తీసేశాయి. మంచి గొంతున్న యూదు బాలికకు ఆ దేశంలో నేర్పేవారూ మిగలలేదు, పాడే వేదికా మిగలలేదు అని చెబితే సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఊళ్ల పేర్ల దగ్గర శ్రోతలు తికమకపడతారు. ఆమె పుట్టిన బ్రోంబెర్గ్, పెరిగిన స్టెట్టిన్ అప్పట్లో జర్మనీవి, నేడు పోలండువి. పేర్లు కూడా బిడ్గోష్చ్, ష్చెచిన్ అని మారాయి. దీనికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. 1940లో చిక్కడపల్లిలో పుట్టి ఇల్లు మారని పెద్దమనిషి నిజాం రాజ్యంలోనూ, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2014 నుంచి తెలంగాణలోనూ ఉన్నట్టే కదా అని అంటే సభలో తలలు ఊగుతాయి. ఇక ఆమె ఇంటిపేరును ‘జాడెక్’ అని పలకకూడదు. జర్మన్‌లో ఆ తొలి అక్షరం మనం చాప, చుట్టం అనే మాటల్లో పలికే దంత్య చకారానికి దగ్గరగా ఉంటుంది. ఆ ధ్వని మన నాలుకకు పుట్టుకతో వచ్చినదే కనుక తప్పుగా పలకడానికి సాకు లేదు.

జర్మనీ విడిచి పాలస్తీనాకు చేరిన ఆమె పసిపిల్లల సంరక్షణ చేసే నర్సుగా పనిచేస్తూ, జెరూసలేములో రోజె పౌలీ అనే ప్రసిద్ధ గాయని దగ్గర గాత్రం నేర్చుకున్నారు. గురువు కూడా యూదురాలే. యూరపులో కొలువులు పోయిన వాద్యకారులతో 1936లో అక్కడ ఒక పెద్ద వాద్యబృందమే ఏర్పడింది కనుక, శరణార్థులు చేరిన ఆ నేల మీద గురువు దొరకడం వింతేమీ కాదు. పాలస్తీనా అనగానే నేటి యుద్ధం గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ నేల 1948 దాకా బ్రిటిషు పాలనలో ఉండేదనీ, అక్కడ అరబ్బులు తరతరాలుగా నివసిస్తున్నారనీ, ఆ చరిత్రకు ఒక సభ మొత్తం కావాలనీ మర్యాదగా, దాచకుండా చెప్పాలి.

వియన్నా ఘట్టానికి ఎక్కువ సమయం ఇవ్వండి. 1945 మార్చిలో పడిన బాంబులకు అక్కడి ఒపేరా భవనం కాలిపోయింది; 1955లో తిరిగి తెరిచేదాకా కళాకారులు వేరే నాటకశాలల్లో పాడారు. ఆస్ట్రియా యూదుల్లో 65,000 మందికి పైగా హతులైన రెండేళ్లకే, ఒక యూదు యువతి ఆ దేశపు రాజధానిలో ఇటలీ స్వరకర్త వెర్డి రచించిన ‘ఐదా’ అనే ఒపేరాలో నాయికగా నిలబడ్డారు. ఐదా ఈజిప్టులో బందీగా ఉన్న ఇథియోపియా రాకుమారి. మూడో అంకంలో నైలు ఒడ్డున, తన దేశాన్ని ఇక చూడలేనని పాడుతుంది. ఇక్కడ వక్తకు పెద్ద ప్రలోభం ఎదురవుతుంది. ఆ పాట పాడుతూ ఆమె తన ఊరిని తలుచుకుని కన్నీరు పెట్టుకున్నారని చెప్పాలనిపిస్తుంది. చెప్పవద్దు. పాత్ర ఎవరో, పాడినది ఎవరో, ఎక్కడో, ఏ సంవత్సరమో పక్కపక్కన ఉంచి ఊరుకుంటే మిగిలినది శ్రోతలే కలుపుకుంటారు.

ఒపేరాను మన కచేరీతో పోల్చితే దారి తప్పుతుంది, ఎందుకంటే అందులో స్వరకర్త రాసినదే పాడాలి, మనోధర్మానికి చోటు బహు తక్కువ. సురభి నాటకాలు చూసినవారికి పద్యనాటకంతో పోల్చి చెప్పండి. మైకు లేని కాలంలో చివరి వరుసకు వినబడేలా రాగం తీసిన నటులను తలుచుకుంటే, వాద్యబృందాన్ని దాటి మైకు లేకుండా వినిపించే సొప్రానో గొంతు, అంటే స్త్రీ గాత్రాల్లో అన్నిటికన్నా పై స్థాయిది, ఎంత సాధన కోరుతుందో తెలుస్తుంది.

ఆమె బోధన గురించి చెప్పడం కష్టం, ఎందుకంటే పాఠం వేదిక మీద జరగదు. 1960ల నుంచి ఆమె వియన్నాలోని సంగీత విద్యాలయంలో గాత్రం నేర్పారు. ఆమె పేరిట అంతర్జాతీయ గాత్ర పోటీ కూడా నడిచింది. ఈ రెండు వాక్యాలు చదివి దిగిపోకుండా, సభలో గాత్రం నేర్పేవారు ఎవరైనా ఉంటే ముందే మాట్లాడుకుని, ఒక చిన్న పాఠం అక్కడే చెప్పించండి. రాంకోటి సంగీత కళాశాలలో చదివిన ఒక టీచరమ్మ ఒకసారి నా సభలో ఎనిమిదేళ్ల పాపను లేపి, ఆధార షడ్జం పట్టించి, ఊపిరి సగంలో తెగిపోయిన చోట తన అరచేతిని ఆ పిల్ల పక్కటెముకల మీద ఆనించి “ఇక్కడ్నుంచి తియ్యి తల్లీ” అన్నారు. రెండోసారి స్వరం నిలిచింది. పౌలీ నుంచి త్సాడెక్‌కు, త్సాడెక్ నుంచి ఆమె శిష్యులకు అందినది ఈ కోవలోదే అని ఒక్క మాట అన్నాను.

పెద్దలు ఎక్కువగా వచ్చే సభ అయితే ఆకాశవాణి ప్రారంభ సంగీతంతో మొదలుపెట్టండి. శివరంజని ఛాయలో సాగే ఆ కూర్పు, 1934లో బొంబాయి చేరిన యూదు శరణార్థి వాల్టర్ కౌఫ్‌మన్‌దిగా ప్రసిద్ధం. రోజూ పొద్దున విన్న సంగీతం వెనుక ఇటువంటి మనిషి ఉన్నాడని తెలిస్తే వియన్నా కూడా దగ్గరవుతుంది.

పాట వినిపించడానికి ఫోను స్పీకరు పనికిరాదు. హాలులోని స్పీకర్లను గంట ముందే పరీక్షించి, పెద్ద స్వరం వచ్చే చోట శబ్దం పగలకుండా స్థాయి తగ్గించి ఉంచుకోండి. మూడు నిమిషాలకు మించి వినిపించవద్దు, పాట నడుస్తుండగా మాట్లాడవద్దు. అయితే ప్రశ్నలు ముగిశాక మళ్లీ ఒకసారి వినిపించమని ఎవరో ఒకరు అడుగుతారు కనుక, హాలును అనుకున్న సమయం కన్నా 15 నిమిషాలు ఎక్కువకే మాట్లాడుకోండి.