పటికబెల్లం గ్లాసు అడుగున కాక దారానికే కట్టాలంటే

పిల్లల సైన్సు ప్రాజెక్టు కోసం పటికబెల్లం చేస్తే, పలుకులన్నీ గ్లాసు అడుగున గట్టిగా పేరుకుపోయి దారం మాత్రం బోసిగా మిగులుతుంటుంది. దారానికి ముందే చక్కెర పలుకులు పట్టించి ఉంచితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

నూలు దారాన్ని నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, చక్కెరలో దొర్లించి ఒక రోజంతా ఆరనివ్వండి. దారం కర్రలా బిరుసెక్కాలి. మర్నాడు ఒక కప్పు నీళ్లు మరిగించి, రెండున్నర నుంచి మూడు కప్పుల చక్కెర కొంచెం కొంచెంగా వేస్తూ పూర్తిగా కరిగించండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి, పాకం మీద పడితే నీళ్లకన్నా ఎక్కువగా కాలుతుంది. దించి, గోరువెచ్చగా అయ్యాక గాజు గ్లాసులో పోసి, దారాన్ని పుల్లకు కట్టి వేలాడదీయండి. దారం కొస అడుగుకు రెండు సెంటీమీటర్లు పైనే ఉండాలి, గోడలకూ తగలకూడదు. పైన పల్చటి గుడ్డ కప్పి, ఎవరూ కదపని చోట వారం రోజులు వదిలేయండి. పైన చక్కెర పొర కడితే చెంచాతో మెల్లగా పగలగొట్టాలి. రోజూ ఎంత పెరిగిందో పిల్లలచేత బొమ్మ గీయించండి, అసలు నేర్చుకునేది అక్కడే.

దారం తడిగా ఉన్నా, పాకం వేడిగా ఉన్నా పట్టించిన పలుకులన్నీ కరిగిపోతాయి. రుచి కోసమని నిమ్మరసం అసలు పిండొద్దు, పులుపు తగిలితే పాకం పలుకు కట్టదు.