చీనీ (బత్తాయి) చెట్టు మొదట్లో బంక కారుతుంటే బోర్డో పేస్టు ఎలా కలుపుకోవాలి?

పులివెందుల, తాడిపత్రి, నార్పల వైపు చీనీ పెట్టినవాళ్లకు ఈ తెగులు కొత్త కాదు. చెట్టు మొదలు దగ్గర బెరడు పగిలి తేనెరంగు బంక కారుతుంది, పట్టించుకోకపోతే కుళ్లు కాండం చుట్టూ తిరిగి కాపుమీదున్న చెట్టు కూడా నిలువునా ఎండిపోతుంది. దీనికి బోర్డో పేస్టు చవకైన మందు, కానీ ఏ రోజుకారోజు కలుపుకోవాలి, కలపడంలో తేడా వస్తే చెట్టుకే దెబ్బ.

లెక్క ఇదీ: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. ఆకుల మీద కొట్టే ఒక శాతం మిశ్రమానికైతే ఇవే 100 లీటర్లలో కలుపుతారు, రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దు.

ముందురోజు సాయంత్రమే తుత్తాన్ని దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి, 5 లీటర్ల నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్‌లో పైపైన మునిగేలా వేలాడదీయండి, తెల్లారేసరికి కరిగి ఉంటుంది. ఇనుప బకెట్, రేకు డబ్బా వద్దు, తుత్తం వాటిని తినేస్తుంది.

కాల్చిన సున్నపురాయిని మట్టికుండలో వేసి కొద్దికొద్దిగా నీళ్లు చల్లండి. కుతకుతా ఉడుకుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. పూర్తిగా చల్లారాక 5 లీటర్లు చేసి వడగట్టండి.

ఇద్దరు చెరో బకెట్ పట్టుకుని మూడో ప్లాస్టిక్ డ్రమ్ములోకి సన్నని ధారగా ఒకేసారి పోస్తుంటే ఇంకొకరు కర్రతో కలుపుతూ ఉండాలి. ఒక్కరే ఉంటే తుత్తం నీళ్లను సున్నంలోకి పోయండి, సున్నాన్ని తుత్తంలోకి మాత్రం పోయొద్దు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. తుప్పు లేకుండా బాగా రుద్దిన కొడవలిని అందులో ఒక నిమిషం ముంచి తీసి చూడండి. అంచు మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే తుత్తం ఇంకా మిగిలి ఉన్నట్టే, అలాగే పూస్తే బెరడు మాడుతుంది. ఇంకొంచెం సున్నపు తేట పోసి, కలిపి, కొడవలి మళ్లీ రుద్ది ముంచండి, పూత పట్టనంతవరకూ ఇదే పని.

చేతులకు గ్లవ్స్ వేసుకుని, కుళ్లిన బెరడును పచ్చి భాగం కనిపించేదాకా కత్తితో గీకండి, ఆ పొట్టంతా ఏరి కాల్చేయాలి, పాదులో వదిలితే తెగులు అక్కడే ఉంటుంది. తర్వాత నేల నుంచి రెండుమూడు అడుగుల ఎత్తువరకు బ్రష్‌తో చుట్టూ పూయండి. వానలకు ముందొకసారి, వానలయ్యాక ఒకసారి.

నీళ్లు చెట్టు మొదట్లోనే నిలబడితే మాత్రం ఎంత పూసినా బంక ఆగదు. కాండం చుట్టూ మట్టి ఎగదోసి, పాదును దానికి బయట తీయండి, డ్రిప్ ఉంటే పైపును కాండానికి దూరంగా జరపండి.