మాటల పట్టీ నుంచి బొమ్మ దాకా – 3వ పాఠం: అద్దంలో రాత

పోయిన పాఠంలో మీ ఇంటి పనిలో, వృత్తిలో వాడే మాటలు అరవై రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈసారి వాటిని లియొనార్డో డా విన్చీ రాసినట్టు తిరగేసి రాద్దాం.

మిలాన్‌లోని స్ఫోర్జా కోటలో, ట్రివుల్జియానా లైబ్రరీలో ఆయన నోటుపుస్తకం ఒకటి ఉంది. 1487–1490 ప్రాంతంలో రాసింది. మొదట 62 ఆకులుండేవి, ఇప్పుడు 55 మిగిలాయి. పేజీల నిండా నిలువు వరుసల్లో మాటలే, వేలకొద్దీ! చాలావరకు లాటిన్ నుంచి వచ్చిన పండితుల మాటలు. వాల్టూరియో అనే రచయిత యుద్ధవిద్య పుస్తకం లాంటి వాటిలోంచి ఎత్తి రాసుకున్నవి. మధ్యమధ్యలో వింత ముఖాలు, మిలాన్ కేథడ్రల్ గోపురం ఊహాచిత్రాలు. తనను తాను చదువులేని మనిషిగా చెప్పుకున్నవాడు, ముప్పై అయిదేళ్లు దాటాక కూర్చుని ఒక్కో మాటా దిద్దుకున్నాడు. మోనాలిసా కన్నా ఈ పేజీలే నన్ను ఎక్కువ కదిలిస్తాయి.

ఆయనది ఎడమచేతి వాటం. కుడి నుంచి ఎడమకి, అద్దంలో కనిపించినట్టు రాసేవాడు. మనకి ఒక్కసారిగా రాదు, టెన్షన్ పడకండి. కార్బన్ పేపర్‌ని సిరా వైపు పైకి వచ్చేలా పరిచి, దాని మీద తెల్లకాగితం పెట్టి, బాల్‌పెన్నుతో గట్టిగా మామూలుగానే రాయండి. కాగితం తిప్పి చూస్తే వెనక తిరగబడ్డ అక్షరాలుంటాయి. రెండు రోజులు వాటిని చూస్తూ చేత్తో రాయండి. తలకట్టు అటునుంచి ఇటు వాలుతుంది, క్రావడి కుడివైపు నుంచి చుట్టుకుంటుంది. వంకరపోతే చెరపకండి, ఆ తడబాటే బొమ్మకి ప్రాణం.

నేను మా నాన్న వడ్రంగం మాటలతో మొదలుపెట్టాను. ‘చిత్రిక’ (చెక్కని నున్నచేసే పనిముట్టు) అన్న మాట తిరగేసి రాస్తుంటే, ఏళ్ల తరబడి విన్న మాటని మొదటిసారి కళ్లతో చూసినట్టయింది. పక్కనే ఖాళీలో ఆయన బొటనవేలు గీశాను, ఉలి తగిలి చీలిన గోరుతో సహా.

మీరూ అంతే. పెద్ద డ్రాయింగ్ షీటుని నాలుగు నిలువు వరుసలు చేసి, మాటలు తిరగేసి నింపండి. రెండో, మూడో వరుసల మధ్య అరచేయంత చోటు వదలండి. ఆ మాటలు మీకు నేర్పినవాళ్ల ముఖమో, చెయ్యో అక్కడ పెన్సిల్‌తో లేతగా గీసి ఉంచండి. వచ్చే పాఠంలో దాని మీద టీ డికాక్షన్‌తో రంగు వేద్దాం.