నవ్వూ భయమూ కలిసిన కథపై పిల్లల చేత అభిప్రాయం రాయించే పద్ధతి

పాలమూరు జిల్లాలోని మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం పూట ఏడు నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలతో కూర్చుంటాను. లెమొనీ స్నికెట్ అనే కలం పేరుతో అమెరికా రచయిత డేనియల్ హ్యాండ్లర్ రాసిన ‘ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’ మొదటి భాగాన్ని చదివి, తెలుగులో వివరించి, ఎట్లా ఉందో రాయమని కాగితాలు పంచాను. పదకొండు కాగితాలు వస్తే తొమ్మిదింటిలో ‘కథ చాలా బాగుంది, మనం కూడా ధైర్యంగా ఉండాలి’ అనే ఒకే వాక్యం ఉంది. తప్పంతా నా ప్రశ్నలోనే ఉంది. ఆ తరువాత పద్ధతి మార్చుకున్నాను. ఇటువంటి పుస్తకాలు చదివించే వారికి పనికివస్తుందని దానినే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పుస్తకాల తీరు తెలిసి ఉండాలి. ఇవి 1999 నుంచి 2006 వరకు వెలువడిన 13 భాగాలు. ఇల్లు కాలిపోయి తల్లిదండ్రులను పోగొట్టుకున్న వయొలెట్, క్లాస్, పసిబిడ్డ సన్నీల ఆస్తి కోసం కౌంట్ ఓలాఫ్ అనే నటుడు వెంటపడడమే కథ. సుఖాంతం కావలసిన వారు వేరే పుస్తకం చూసుకోవడం మేలని కథకుడు మొదటి వాక్యంలోనే చెప్పేస్తాడు. కాబట్టి ఈ కథ నుంచి ఏం నేర్చుకున్నావని అడిగితే పిల్లలు నీతి వాక్యం వెతుక్కుంటారు. ఎక్కడ నవ్వావు, నవ్విన తరువాత ఏమనిపించింది అని అడగండి.

అడగడానికి తగిన చోటు కూడా ఎంచుకోవాలి. మొదటి భాగంలో పిల్లలు పొరుగింటి న్యాయమూర్తి గారి గ్రంథాలయంలో వంట పుస్తకం చూసి, ఓలాఫ్‌కూ అతని నాటక బృందానికీ పాస్తా వండుతారు. పాస్తా అంటే మా పిల్లలకు మ్యాగీకి వేలు విడిచిన చుట్టం. ఆ హడావిడికి పకపకా నవ్వారు. మరికొంత సేపటికి ఓలాఫ్ వచ్చి, మాంసం ఎందుకు వండలేదని గద్దించి, క్లాస్ చెంప మీద కొడతాడు. అక్కడ పుస్తకం మూసి, ఎవరితోనూ మాట్లాడకుండా రెండు వాక్యాలు రాయమన్నాను. ‘ఓలాఫ్ మంచిగ నవ్విస్తడు సార్, గని రాత్రి యాదికొస్తే భయమైతది’ అని ఒక అమ్మాయి రాసింది. ఇంటికి వెళ్లి రాసుకు రమ్మంటే ఈ వాక్యం వచ్చేది కాదు.

ఇక జాగ్రత్తగా ఉండవలసిన సంగతి ఒకటుంది. మా వైపు బొంబాయికీ పూణేకూ వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలు నాయనమ్మల దగ్గరో హాస్టళ్లలోనో ఉంటారు. నిజంగానే తల్లినో తండ్రినో పోగొట్టుకున్న వారూ ఉంటారు. అందరి ముందూ వారి ఇంటి సంగతి అడగరాదు. పేరు రాయని చీటీలు తీసుకోండి. అటువంటి చీటీలలోనే, పిల్లల ఆస్తి వ్యవహారం చూసే, ఎప్పుడూ దగ్గుతుండే బ్యాంకు ఉద్యోగి పో గురించి ‘పో సారు మంచోడే, గని పిల్లలు చెప్పింది ఇనడు’ అన్న మాట వచ్చింది. ఓలాఫ్ కంటే పో మీదనే కోపం ఎక్కువగా కనిపించడం నన్ను ఆలోచింపజేసింది.

కథకుడు నడుమ ఆగి కఠిన పదాలకు ఆ సన్నివేశానికే సరిపోయే అర్థాలు చెబుతుంటాడు. ఆ హాస్యం అందిందో లేదో తెలుసుకోవడానికి ఒక తెలుగు మాటకు అదే తీరులో అర్థం రాయించండి. ‘సర్దుకుపోవడం అంటే ఇక్కడ, పెద్దోళ్ల తప్పును పిల్లలు మోసుడు’ అని ఒక అబ్బాయి రాశాడు. ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను.

అభిప్రాయంలో ఎన్ని భాగాలు చదివారో తప్పక రాయించాలి. మొదటి ఏడు భాగాలలో కొత్త సంరక్షకుడు రావడం, ఓలాఫ్ మారువేషంలో దిగడం, పెద్దలు నమ్మకపోవడం దాదాపు ఒకే వరుసలో సాగుతాయి. ‘మళ్లీ అదే’ అన్న ఫిర్యాదు అక్కడిదే. ఎనిమిదో భాగం నుంచి దారి మారుతుంది కాబట్టి మూడింటితో ఆపిన వారి మాటనూ చివరిదాకా చదివిన వారి మాటనూ కలిపి చూడకూడదు. 2004 నాటి సినిమానో, 2017 నుంచి 2019 వరకు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ధారావాహికనో చూసి రాసినట్లయితే ఆ సంగతీ రాయించండి.

చీటీలు దిద్దేటప్పుడు అక్షర దోషాలు మాత్రమే సవరించి, పిల్లల యాసను అట్లాగే ఉంచండి. విరుద్ధమైన అభిప్రాయాలను పక్కపక్కనే అతికించండి. అయిదో భాగంలో అనాథలు ఒక బడిలో పీతలు తిరిగే రేకుల షెడ్డులో పడుకుంటారు. హాస్టలు పిల్లలు దానిని వదిలిపెట్టడం లేదు. మా దగ్గర నాలుగో భాగం లోపలి అట్ట మీద ‘ఇది చదవకున్నా నడుస్తది, అయిదోది మాత్రం విడువకుండ్రి’ అని ఒక చీటీ ఉంది. దాని కిందే ఎర్ర సిరాతో ఇంకెవరో ‘నడవది’ అని రాశారు.