జర్మనీలో మాస్టర్స్‌కి వచ్చారా? ముందు మీ పీఓ ఏదో చూసుకోండి

జేఎన్‌టీయూలో బీటెక్ చేసినవాళ్ళకి ఈ సంగతి సగం తెలిసే ఉంటుంది. మనది ఆర్16 రెగ్యులేషన్ (2016 నాటి పరీక్షల నియమాలు) అయితే ఆర్16 పేపరే రాయాలి, పక్క బెంచీలో జూనియర్‌ది ఆర్18 అయితే సబ్జెక్టు పేరు ఒకటే అయినా వాళ్ళ పేపరు వేరు. డిటెయిన్ అయి కింది బ్యాచ్‌తో కలిసినవాళ్ళు కొత్త రెగ్యులేషన్‌లో పడి, పాత సబ్జెక్టుల్లో ఏది చెల్లుతుంది, ఏది మళ్ళీ రాయాలి అని ఎగ్జామ్ బ్రాంచ్ చుట్టూ తిరగడం మనందరం చూసిందే.

జర్మనీలోనూ ఇదే లెక్క. ఇక్కడ ఆ రెగ్యులేషన్‌ని, అంటే పరీక్షల నియమావళిని, ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్ అంటారు, అందరూ వాడే మాట పీఓ. అక్కడ క్వశ్చన్ పేపర్ మూలలోనే రెగ్యులేషన్ అచ్చు వేసి ఉంటుంది, ఇక్కడ మాత్రం ఎవరూ పిలిచి చెప్పరు. అక్టోబర్‌లో దిగగానే ఇల్లు దొరకాలి, అడ్రస్ రిజిస్ట్రేషన్ అవ్వాలి, వీసా కోసం ముందే వేసిన బ్లాక్డ్ అకౌంట్ డబ్బులు తెరుచుకోవాలి, ఇన్సూరెన్స్ తేలాలి. ఆ టెన్షన్‌లో పీఓ అనే మాటే ఎవరికీ గుర్తు రాదు, నాకూ రాలేదు.

నాకేం జరిగిందో చెప్తాను. మొదటి సెమిస్టర్‌లో ఒక సీనియర్ అన్న ఎంతో ప్రేమగా తన ఎక్సెల్ షీట్ పంపాడు, ఏ ఎలెక్టివ్ బాగుంటుంది, ఏ ప్రొఫెసర్ పరీక్ష ఎలా పెడతాడు, అన్నీ అందులో ఉన్నాయి. అది చూసి ఒక 6 క్రెడిట్ల సబ్జెక్టు తీసుకున్నాను, పాస్ కూడా అయ్యాను. మూడో సెమిస్టర్‌లో మార్కుల పట్టీ తీసి చూస్తే అది అదనపు సబ్జెక్టుల కింద కూర్చుని ఉంది, 120 క్రెడిట్లలో కలవలేదు, గ్రేడూ లెక్కలోకి రాలేదు. అన్న చదివిన పీఓలో ఆ సబ్జెక్టు ఎలెక్టివ్స్ జాబితాలో ఉంది, మా ఇన్‌టేక్‌కి వచ్చిన కొత్త పీఓలో తీసేశారు. ఇక్కడ ఒక క్రెడిట్ అంటే సుమారు 30 గంటల పని, అంటే 180 గంటలు పోయాయి, దాని బదులు ఇంకొకటి రాయడానికి ఒక సెమిస్టర్ ఎక్కువ ఉండాల్సి వచ్చింది. తప్పు అన్నది కాదు, అతనికి తెలిసింది అతను చెప్పాడు. అడగాల్సిన ఒక్క ప్రశ్న నేను అడగలేదు: అన్నా, మీది ఏ పీఓ?

కాబట్టి ముందు చేయాల్సింది మీ పీఓ సంవత్సరం తెలుసుకోవడం. యూనివర్సిటీ పోర్టల్‌లో మీ కోర్సు పేరు పక్కనో, మార్కుల పట్టీ పైనో చాలాచోట్ల పీఓ అని రాసి ఒక సంవత్సరం ఉంటుంది. అది మీరు చేరిన సంవత్సరం కానక్కర్లేదు, 2024లో చేరినవాళ్ళకి 2021 పీఓ ఉండొచ్చు. తర్వాత డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఆ సంవత్సరం పీడీఎఫ్ దించుకుని చివరి పేజీ నుంచి చదవండి. ఇది ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది, ఏ సెమిస్టర్ నుంచి చేరినవాళ్ళకి వర్తిస్తుంది, పాత పీఓలో ఉన్నవాళ్ళు ఎప్పటిదాకా అందులోనే పరీక్షలు రాయొచ్చు, ఇవన్నీ సాధారణంగా చివరి సెక్షన్లలోనే ఉంటాయి. ఇంగ్లిష్ కాపీ ఉంటే చదవండి కానీ చట్టపరంగా చెల్లేది జర్మన్ కాపీయే, అనుమానం వస్తే ఆ వాక్యం వరకైనా జర్మన్‌లో చూడండి. పీఓకి మధ్యలో సవరణలు కూడా వస్తాయి, అవి కొన్నిసార్లు కొత్తగా చేరేవాళ్ళకి మాత్రమే, కొన్నిసార్లు అందరికీ, అదీ ఆ సవరణ చివర్లోనే రాసి ఉంటుంది.

మీరు చదువుతుండగా కొత్త పీఓ వస్తే సాధారణంగా పాతదాంట్లోనే కొనసాగనిస్తారు. ఇష్టమైతే దరఖాస్తు పెట్టి కొత్తదానికి మారొచ్చు, కానీ చాలాచోట్ల ఒకసారి మారితే మళ్ళీ వెనక్కి రాలేరు. ఏదో ఒక కష్టమైన సబ్జెక్టు కొత్తదాంట్లో లేదని సంబరపడి సంతకం పెట్టకండి, ఫెయిలైన అటెంప్టులు కూడా మీతో రావొచ్చు. మీ పాస్ అయిన సబ్జెక్టులన్నీ ఎక్కడ కూర్చుంటాయో కాగితం మీద వేసి చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

అటెంప్టుల సంగతి నిజంగా సీరియస్. మన దగ్గర సప్లీ ఎన్నిసార్లైనా రాసుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీలో ఒక పరీక్షకి మూడు అటెంప్టులు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో పద్ధతి వేరు, అక్కడ అటెంప్టుల సంఖ్య కంటే క్రెడిట్ల గడువే ముఖ్యం, మాస్టర్స్‌లో సాధారణంగా మూడో సెమిస్టర్ చివరికి 30, నాలుగో సెమిస్టర్ చివరికి 60 అయినా ఉండాలి. ఆకెన్‌లో ఉన్న స్నేహితుడి మాట నమ్మి మ్యూనిక్‌లో ప్లాన్ వేసుకుంటే దెబ్బ తింటారు. తప్పనిసరి సబ్జెక్టు చివరి అటెంప్టులోనూ పోతే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు, దేశంలో ఇంకెక్కడా అదే కోర్సులో చేరడం దాదాపు కుదరదు, వీసా కూడా ఆ చదువుతోనే ముడిపడి ఉంది.

ఇన్‌టేక్ బట్టి ఫీజు కూడా మారుతుంది. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 వింటర్ సెమిస్టర్ నుంచి చేరిన మనలాంటి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కడుతున్నారు, అంతకుముందే అక్కడ చదువు మొదలుపెట్టినవాళ్ళని వదిలేశారు. మ్యూనిక్ టెక్నికల్‌లో 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కి ఎక్కువ కోర్సుల్లో సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. ‘మా అక్క ఫ్రీగా చదివింది’ అని ఇంట్లో లెక్క వేసుకుని లోన్ తక్కువ పెట్టి రాకండి, నిజంగా ఇబ్బంది పడతారు.

వీసా ఆలస్యమై వింటర్ సీటు వదులుకుని తర్వాతి ఇన్‌టేక్‌లో వచ్చేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చాలా యూనివర్సిటీలు పాత అడ్మిషన్‌ని ముందుకు జరపవు, మళ్ళీ అప్లై చేయాలి, అప్పుడు మీకు వర్తించేది మీరు నిజంగా చేరిన సెమిస్టర్ రూలే. ఏప్రిల్‌లో చేరితే ఇంకో చిక్కు ఉంది, చాలా సబ్జెక్టులు ఏడాదికి ఒక్కసారే చెప్తారు, అక్టోబర్ వాళ్ళ ప్లాన్ కాపీ కొడితే బేసిక్ సబ్జెక్టు కంటే ముందు అడ్వాన్స్‌డ్ సబ్జెక్టు నెత్తిన పడుతుంది. సమ్మర్ (ఏప్రిల్) వాళ్ళకి విడిగా స్టడీ ప్లాన్ ఉందేమో వెతకండి, లేకపోతే అడగండి. అడ్మిషన్ లెటర్‌లో అదనంగా కొన్ని సబ్జెక్టులు పాస్ కావాలని షరతు ఉంటే దాని గడువు కూడా ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఎవరిని అడగాలి అంటే, ముందు ఫాఖ్‌షాఫ్ట్, అంటే మీ డిపార్ట్‌మెంట్ స్టూడెంట్ల సంఘం, వాళ్ళకి పాత కొత్త పీఓల తేడాలు కొట్టినపిండి. తర్వాత కోర్సు అడ్వైజర్. చివరి మాట మాత్రం ప్రూఫుంగ్స్‌అమ్ట్‌ది, అంటే ఎగ్జామ్ ఆఫీసుది. నోటి మాటతో ఊరుకోకండి, ‘నా పీఓ ఇది, ఫలానా సబ్జెక్టు ఫలానా గ్రూపులో లెక్కలోకి వస్తుందా’ అని మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. మీరు సబ్జెక్టు తీసుకున్న సెమిస్టర్ మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (ఒక్కో సబ్జెక్టు వివరాలుండే పుస్తకం) పీడీఎఫ్ కూడా అప్పుడే దించి పెట్టుకోండి, అది తరచూ మారుతుంది, పాతది తర్వాత సైట్‌లో దొరక్కపోవచ్చు.

వచ్చే ఏడాది మీరూ జూనియర్లకి మీ షీట్ పంపుతారు కదా, తప్పకుండా పంపండి, మొదటి గడిలో మీ పీఓ సంవత్సరం, మీరు చేరిన సెమిస్టర్ రాసి పంపండి.