రాజీనామా చేయమన్నారా? సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకానికి ముందు

హెచ్‌ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి, రాజీనామా లెటరూ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ (బకాయిలన్నీ తేల్చుకున్నట్టు రాసే) కాగితమూ ముందు పెట్టి "ఇప్పుడే సంతకం పెట్టండి" అంటే పెట్టకండి. డ్రాఫ్టు మెయిల్ చేయమనండి, చదువుకోవడానికి రెండు మూడు రోజులు గడువు కావాలని ఆ మెయిల్‌కే జవాబు రాయండి. ఆ సాయంత్రానికే మీ లాగిన్ ఆగిపోవచ్చు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, బోనస్ లెటర్లు ముందే దగ్గర పెట్టుకోవాలి. కంపెనీ ఫైళ్లు, క్లయింటు డేటా మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. కేసు మీ మీదకే తిరుగుతుంది.

ఆ కాగితంలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం "స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను" అన్నది. కంపెనీయే తీసేస్తే నోటీసు జీతం రావాలి. చట్టం దృష్టిలో కార్మికులై (మేనేజర్ స్థాయి వాళ్లు కాక), ఏడాది సర్వీసు నిండినవాళ్లకు ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున రిట్రెంచ్‌మెంట్ (తొలగింపు) పరిహారం కూడా రావాలి. స్వచ్ఛందం అని రాసిచ్చాక ఈ రెండూ అడగడం చాలా కష్టం. "కంపెనీ కోరిన మీదట" అని మార్పించండి, నోటీసు ఎన్ని నెలలో, ఎంత సొమ్మో అంకెల్లో రాయించండి.

తర్వాత లెక్క. మొత్తం ఒకే అంకెగా ఇస్తే ఒప్పుకోవద్దు. జీతం బకాయి, సెలవుల సొమ్ము, నోటీసు జీతం, వేరియబుల్ పే, గ్రాట్యుటీ, కోతలు విడివిడిగా ఉండాలి. గ్రాట్యుటీకి చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా బేసిక్, డీఏ) 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. వేతనం 52,000, సర్వీసు ఏడేళ్లు అయితే 2,10,000 రూపాయలు. ఆరు నెలలు దాటిన చివరి ముక్క పూర్తి ఏడాది కిందే లెక్క. దీన్ని ఎక్స్‌గ్రేషియాలో కలిపి దయతో ఇస్తున్నట్టు రాస్తుంటారు, విడదీయించండి. పొమ్మన్నది కంపెనీయే అయినప్పుడు నోటీసు షార్ట్‌ఫాల్ (నోటీసు కాలం పూర్తిగా పనిచేయలేదని), జాయినింగ్ బోనస్ రికవరీ పేరుతో కోతలు పెడితే గట్టిగా అభ్యంతరం చెప్పండి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా రాజీనామా చేసినా జీతం బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీకి గడువు 30 రోజులు. "ఇకపై నాకు ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న షరతు సొమ్ము ఖాతాలో పడ్డాకే వర్తిస్తుందని రాయించండి. రిలీవింగ్ లెటర్ ఇచ్చే తేదీ కూడా అందులోనే ఉండాలి.

ఒత్తిడి చేసి రాయించుకున్న ఫుల్ అండ్ ఫైనల్ రసీదుతో వివాదం ముగిసిపోదని బొఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. అది బీమా కేసే అయినా సూత్రం పనికొస్తుంది. కాకపోతే ఒత్తిడి జరిగిందని చూపించాల్సింది మీరే. అందుకే సంతకం తప్పకపోతే ఆ రోజే ఎవరు, ఎన్నింటికి, ఏమన్నారో మెయిల్ రాయండి. నెలల తర్వాత రాస్తే నమ్మరు.

పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉద్యోగం మానేశాక సాధారణంగా చెల్లదు, కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అడ్డుపడుతుంది. రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు మాత్రం నిలుస్తుంది. బాండ్ల సంగతి వేరు: మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది.

సొమ్ము రాకపోతే ముందు లిఖితపూర్వకంగా అడిగి, ఆపైన కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. జీతం బకాయికి మేనేజర్ స్థాయి వాళ్లు కూడా ఇలా ఫిర్యాదు చేయవచ్చు, తొలగింపు మీద పోరాడాలంటే మాత్రం వాళ్లకు సాధారణంగా సివిల్ కోర్టే దారి. బకాయి దావాకు గడువు మూడేళ్లు.