ఆఫ్‌రోడ్ బండికి జాకీ: టన్నుల కంటే ముందు ఎత్తు చూడండి

జాకీ కొనబోతే షాపులో మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని టన్నులది కావాలి?" అని. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి బళ్ళకు అది రెండో ప్రశ్న. ఒక చక్రం లేపేటప్పుడు బండి బరువంతా జాకీ మీద పడదు. సామానుతో కలిపి రెండు టన్నులు తూగే బండి అయినా, చదునైన నేల మీద ఒక మూల లేపితే పడేది ఐదారు వందల కిలోలే. రెండు టన్నుల జాకీ సరిపోతుంది, మూడు టన్నులది ఉంటే నిశ్చింత. చిక్కంతా ఎత్తు దగ్గర వస్తుంది. పంచరై కూలబడిన బండి కిందికి జాకీ దూరాలి. దూరాక, గాలి నిండిన స్టెప్నీ పట్టేంత పైకి లేపాలి. బాటిల్ జాకీకి (సీసాలా నిలబడి, లోపలి ఆయిల్ ఒత్తిడితో లేచేది) టన్నులు పెరిగేకొద్దీ మూసి ఉన్నప్పటి ఎత్తు కూడా పెరుగుతుంది. బలం ఎక్కువని పది టన్నులది తెచ్చుకుంటే, అవసరమైన రోజు అది యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు) కింద పట్టకపోవచ్చు.

అందుకే కొనేముందు ఇంటి దగ్గరే కొలవండి. చదునైన నేల మీద బండి నిలిపి, వెనక టైరు వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలేయండి. స్ప్రింగు పక్కన యాక్సిల్ గొట్టం అడుగు నుంచి నేల దాకా టేపు పెట్టండి. బండి కదపకుండా మళ్ళీ గాలి కొట్టి, అదే చోట ఇంకోసారి కొలవండి. ఉదాహరణకు గాలి లేనప్పుడు 21 సెంటీమీటర్లు, ఉన్నప్పుడు 30 వచ్చాయనుకుందాం. జాకీ కింద రెండున్నర సెంటీమీటర్ల చెక్క వేస్తారు కాబట్టి మూసిన జాకీ 18 సెంటీమీటర్లకు మించకూడదు. చక్రం నేల వదలడానికి ఇంకో 5 కలిపితే 35, అందులో చెక్క మందం పోగా జాకీ కనీసం 32.5 దాకా లేవాలి. తలలో మరతిప్పి పైకి తీసుకునే స్క్రూ ఉన్న రెండు టన్నుల బాటిల్ జాకీల్లో ఈ కొలతకు సరిపడేవి దొరుకుతాయి. స్క్రూ లేనిదైతే చాలావరకు అందదు.

పైన కొలత యాక్సిల్ దగ్గర తీసుకోమనడానికి కారణం ఉంది. చాసీ (బండి అడుగున ఉండే ఇనుప ఫ్రేము) కింద జాకీ పెడితే ముందు బాడీ లేస్తుంది, చక్రం మాత్రం స్ప్రింగు సాగినంత మేరా కిందికి వేలాడుతూనే ఉంటుంది. ఆఫ్‌రోడ్ బళ్ళకు ఆ సాగుడు ఎక్కువ. చక్రం నేల వదిలేసరికి బండి బాగా పైకి లేచి ఒరిగిపోతుంది. యాక్సిల్ కింద పెడితే చక్రం వెంటనే లేస్తుంది, బండి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. జిమ్నీకి ముందూ వెనకా గట్టి యాక్సిళ్ళే కాబట్టి రెండు వైపులా ఇది కుదురుతుంది. థార్‌కు వెనక మాత్రమే. ముందు చక్రాలు విడివిడి సస్పెన్షన్ మీద ఉంటాయి కాబట్టి అక్కడ మాన్యువల్‌లో చూపించిన చోటే పెట్టండి. చాసీ కిందే పెట్టక తప్పకపోతే, లేపే ముందు యాక్సిల్‌నూ చాసీనీ కలిపి రాచెట్ పట్టీతో (మీట ఆడిస్తే బిగుసుకునే పట్టీ) బిగించండి. బాడీతో పాటే చక్రమూ లేస్తుంది.

పెద్ద టైర్లు వేయించినవాళ్ళు లెక్క మళ్ళీ చూసుకోవాలి. 31 అంగుళాల టైరు మార్చి 33 అంగుళాలది వేస్తే యాక్సిల్ లేచేది ఒక్క అంగుళమే. దానికి తోడు రెండంగుళాల లిఫ్ట్ కిట్ (సస్పెన్షన్ మార్చి బండిని ఎత్తు చేసే సామాను) ఉంటే చాసీ మూడంగుళాలు లేస్తుంది. కంపెనీ ఇచ్చిన సిజర్ జాకీ (కత్తెరలా తెరుచుకుని లేచేది) చాసీకి అందకపోవడానికి కారణం ఇదే. అప్పుడు జాకీ కింద ఇటుకలు పేర్చడం చాలా ప్రమాదం. ఇటుక బరువుకు ఒక్కసారిగా పగిలిపోతుంది, ముందుగా ఏ సూచనా ఇవ్వదు.

నేల సంగతి

బురదలో, ఇసుకలో జాకీ విఫలమవడానికి మొదటి కారణం దాని అడుగు. 600 కిలోల బరువు 10 × 8 సెంటీమీటర్ల అడుగు మీద పడితే ప్రతి చదరపు సెంటీమీటరుకు ఏడున్నర కిలోలు. తడిసిన నల్లరేగడిలో బండి లేవదు, జాకీయే దిగబడుతుంది. కింద 30 × 30 పలక వేస్తే అదే ఒత్తిడి 0.7 కిలోల లోపుకు పడిపోతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, వాటి రేఖలు అడ్డంగా వచ్చేలా ఫెవికాల్‌తో అతికించి, స్క్రూలు బిగించి, అంచులకు పెయింటు వేయండి. తాడు కట్టడానికి ఒక మూల రంధ్రం చేసుకోండి, బురదలోంచి పీకడానికి అదే ఆధారం. పలక వేసేముందు నేలను పారతో చదును చేయాలి. వాలు మీద పలక వేస్తే పలకతో సహా జాకీ జారుతుంది.

లేపే ముందు

హ్యాండ్ బ్రేకు, గేరు ఉన్నాయి కదా అని చాలామంది ఆగిపోతారు. మామూలు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యన ఉండి, రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల గుండు) ఉన్న బండి టూ వీల్‌లో, అంటే ఇంజను వెనక చక్రాలనే తిప్పేలా ఉండగా వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తే, గేరు బండిని పట్టుకోదు. గాల్లో చక్రం ఒకవైపు తిరుగుతుంది, నేల మీద ఉన్నది ఇంకోవైపు దొర్లుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్సు వైపు నుంచి యాక్సిల్‌ను తిప్పే కడ్డీ) మీద హ్యాండ్ బ్రేకు ఉన్న పాత జీపులకైతే బ్రేకు కూడా ఇలాగే పనిచేయకుండా పోతుంది. ఇంజను ఆపకముందే ఫోర్ హైలో (నాలుగు చక్రాలనూ ఇంజనుకు కలిపే మీట స్థానం) వేసి, తర్వాత ఫస్టు గేరులో ఆపండి. అప్పుడు ముందు యాక్సిల్ కూడా బండిని పట్టుకుంటుంది. ఆ పైన, లేపబోయే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి రెండు పక్కలా రాళ్ళు గానీ చెక్క దిమ్మలు గానీ బిగించండి.

బండిలో ఎవరూ ఉండకూడదు. నట్లు చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయండి. గాల్లో లేపాక వీల్ పానా మీద ఎక్కి తొక్కితే జాకీ పక్కకు పడుతుంది. బాటిల్ జాకీకి తల స్క్రూ ముందే తిప్పి పైకి తీసుకోండి, బరువు పడ్డాక అది తిరగదు. తల యాక్సిల్ గొట్టం మధ్యకు ఆనాలి. డిఫరెన్షియల్ గుండు కింద పెట్టకండి, అక్కడ తల జారుతుంది, రేకు మూత ఉంటే సొట్టపోయి ఆయిల్ కారుతుంది. నాలుగైదు పోట్లు కొట్టాక ఆగి, జాకీ నిటారుగా ఉందో లేదో పక్కనుంచి చూడండి. ఒరిగితే దించి మళ్ళీ మొదలుపెట్టాలి, సుత్తితో సరిచేయకూడదు.

చక్రం నేల వదలగానే స్టెప్నీని చాసీ కిందికి పడుకోబెట్టి తోయండి. జాకీ జారినా బండి టైరు మీద ఆగుతుంది. స్టెప్నీ బిగించేటప్పుడు విప్పిన చక్రాన్ని ఆ చోట పెట్టండి. బండి కిందికి దూరాల్సిన పని ఏదైనా ఉంటే జాకీ మీద చేయవద్దు, స్టాండు కావాలి.

హైలిఫ్ట్ జాకీ

నిలువు కడ్డీ మీద మెట్టు మెట్టుగా ఎక్కే పొడవాటి జాకీ ఇది, ఫార్మ్ జాకీ అని కూడా అంటారు. 48 అంగుళాలది దాదాపు 13 కిలోలుంటుంది. చక్రం కింద రాళ్ళు వేయడానికి, గాడిలోంచి బండిని పక్కకు తోయడానికి దానికి సాటి లేదు. కానీ చాసీకి బిగించిన రాక్ స్లైడర్లు (తలుపుల కింద పక్కల ఉండే గట్టి ఇనుప గొట్టాలు) గానీ, జాకీ నాలుక పట్టేలా గాడి ఉన్న ఇనుప బంపర్లు గానీ లేని బండికి అది కొనకండి. ప్లాస్టిక్ బంపరు, ఫుట్‌బోర్డు దాన్ని మోయలేవు.

గాయాలు ఎక్కువగా దించేటప్పుడే అవుతాయి. ఎక్కడాన్నీ దిగడాన్నీ మార్చే చిన్న మీట కిందికి వేశాక, బరువు తోసే జోరుకు హ్యాండిల్ పైకి ఎగిసికొడుతుంది. దవడ విరిచేంత బలం ఉంటుంది. హ్యాండిల్ నిలువు కడ్డీకి ఆనించి క్లిప్పు వేశాకే మీట మార్చండి. తర్వాత రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తల హ్యాండిల్ దారిలో లేకుండా పక్కకు నిలబడి దించండి. చేయి జారితే తిరిగి పట్టుకోబోవద్దు, వెనక్కి తప్పుకోండి. బరువు లేనప్పుడు అది మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారిగా జారిపడుతుంది. వేళ్ళు లోపల పెట్టకండి.

జాకీ ఎక్కకుండా మొరాయిస్తే కడ్డీ రంధ్రాల్లో దూరే పిన్నుల్లో మట్టి ఇరుక్కుందని అర్థం. డీజిల్‌తో కడిగి పల్చటి నూనె చుక్క వేయండి. గ్రీజు పూస్తే దుమ్ము పట్టి మళ్ళీ అదే బాధ.

ఇసుకలో సైలెన్సర్ పొగతో నిండే గాలి సంచి జాకీ బాగుంటుంది, అడుగు వెడల్పు కాబట్టి దిగబడదు. సంచికి పైనా కిందా మందపాటి మ్యాట్ వేయాలి, వేడి సైలెన్సర్ గొట్టానికి తగలకూడదు.

బాటిల్ జాకీ లేచి మెల్లగా దిగిపోతుంటే ముందు, దించడానికి వదులు చేసే స్క్రూ పూర్తిగా బిగిసిందో లేదో చూడండి. స్పాంజిలా మెత్తగా కొడుతుంటే లోపల గాలి ఉన్నట్టు. స్క్రూ వదిలి పదిసార్లు గబగబా కొట్టి, మళ్ళీ బిగించండి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పూర్తిగా దించి జాకీ ఆయిలే పోయండి. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. బండిలో నిలబెట్టి కట్టేయండి, పడుకోబెడితే కారుతుంది. చక్రం మార్చాక నట్లను ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు వెళ్ళాక మరోసారి పానా వేసి చూడండి.